ఆల్ఫ్రెడ్ నోబెల్

ఆల్ఫ్రెడ్ బెర్న్‌హార్డ్ నోబెల్ (అక్టోబరు 21, 1833 – డిసెంబరు 10, 1896) స్వీడన్ దేశానికి చెందిన రసాయన శాస్త్రవేత్త, ఇంజనీరు, పారిశ్రామికవేత్త. డైనమైటు, బ్లాస్టింగ్ జిలెటిన్, బాలిస్టైట్ అనే పేలుడు పదార్థాలను, వాటిని పేల్చడానికి ఉపయోగపడే డిటోనేటరును కనుగొన్నాడు. వివిధ దేశాలలో ఆయన పేరున 355 పేటెంట్లు ఉండేవి. ఆయన ఆస్తితో ఏర్పడిన నిధి నుండి 1901వ సంవత్సరం మొదలుకొని నోబెల్ బహుమతులు ఇస్తున్నారు. ఈ బహుమతుల కీర్తిలో ఆయన అసలు వృత్తి కొంత మరుగున పడిపోయింది. కొండలను తొలిచేవారు, గనులలో ఖనిజాన్ని తీసేవారు, క్వారీలలో బండలను పగులగొట్టేవారు చేసే పని ఆయనకు ముందు ఒక విధంగాను, ఆయన తరువాత మరొక విధంగాను సాగింది.

బాల్యం, విద్య

నోబెల్ స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఇమ్మాన్యుయేల్ నోబెల్, ఆండ్రియెట్టా అల్‌సెల్ దంపతులకు జన్మించాడు. ఈ దంపతులకు ఎనిమిది మంది సంతానం కలిగినా నలుగురు మాత్రమే బ్రతికి పెద్దవారయ్యారు. వారు రాబర్ట్, లుడ్విగ్, ఆల్ఫ్రెడ్, ఎమిల్. తండ్రి ఇమ్మాన్యుయేల్ వంతెనలు, భవనాలు నిర్మించే ఇంజనీరు. స్టాక్‌హోమ్ నగరం గట్టి రాతిమీద వెలసినది కనుక అక్కడ పునాది తీయాలన్నా, దారి వేయాలన్నా బండను పగులగొట్టక తప్పదు. అందువలన రాతిని పేల్చే పద్ధతులపై ఆయన ఎన్నో ప్రయోగాలు చేసేవాడు. ఆల్ఫ్రెడ్ పుట్టిన సంవత్సరమే ఇమ్మాన్యుయేల్ దివాలా తీశాడు. 1837లో కుటుంబాన్ని స్టాక్‌హోమ్‌లో వదలి మొదట ఫిన్లాండ్‌కు, ఆ తరువాత రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్ళాడు. అక్కడ ఒక యంత్రశాల స్థాపించి రష్యా సైన్యానికి కావలసిన పరికరాలు తయారుచేశాడు. 1842లో భార్యాబిడ్డలు ఆయన వద్దకు చేరుకున్నారు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పిల్లలకు ఇంటివద్దనే ఉపాధ్యాయులు పాఠాలు చెప్పారు. పదిహేడేళ్ళు వచ్చేసరికి ఆల్ఫ్రెడ్ స్వీడిష్, రష్యన్, ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్ భాషలలో ధారాళంగా చదవడం, వ్రాయడం, మాట్లాడడం నేర్చుకున్నాడు. ఇంగ్లీషు సాహిత్యంపై, కవిత్వంపై ఆయనకు మక్కువ ఎక్కువ. ఇది నచ్చని తండ్రి ఆయనను ఇంజనీరుగా తీర్చిదిద్దాలనే ఉద్దేశంతో 1850లో విదేశాలకు పంపించాడు. పారిస్‌లో పెలూజ్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశాడు. అమెరికా వెళ్ళి స్వీడన్‌కే చెందిన ఇంజనీరు జాన్ ఎరిక్సన్ వద్ద కూడా కొంత అనుభవం గడించాడు. ఆయనకు విశ్వవిద్యాలయ పట్టా ఏదీ లేదు.

రాతిని పగులగొట్టే పాత పద్ధతులు

నోబెల్ చేసిన పనిని సరిగా అంచనా వేయాలంటే అంతకుముందు రాతిపని ఎలా సాగేదో కొంత తెలియాలి. బండపై మంట పెట్టి కాల్చి, వేడెక్కిన రాతిపై నీరు చల్లి పగుళ్ళు తెప్పించడం అతి పురాతనమైన పద్ధతి. ఉలితో వరుసగా గుంటలు తొలిచి, వాటిలో ఇనుప మేకులు దిగగొట్టి, సమ్మెటతో ఒకదాని తరువాత ఒకటి కొడుతూ బండను చీల్చడం మరొకటి. మన ప్రాంతంలో వడ్డెర కులస్థులు తరతరాలుగా చేస్తూ వచ్చిన రాతిపనికి కూడా ఉలి, సమ్మెట, గునపములే ఆధారం.

పదిహేడవ శతాబ్దం నుండి ఐరోపా గనులలో తుపాకిమందు వాడకంలోకి వచ్చింది. రాతిలో రంధ్రం చేసి, మందు కూరి, పైన మట్టి దట్టించి, వత్తి ముట్టించేవారు. ఇనుప కడ్డీతో దట్టించేటప్పుడు నిప్పురవ్వ పుట్టి మందు అంటుకొని చనిపోయినవారు, కళ్ళు పోగొట్టుకున్నవారు లెక్కకు మించి ఉన్నారు. గడ్డిపుల్లలతోను, ఈకల గొట్టాలతోను చేసిన వత్తులు ఒక్కోసారి క్షణంలో కాలిపోయేవి, ఒక్కోసారి ఆరిపోయినట్లు కనిపించి, కార్మికుడు దగ్గరకు వెళ్ళి చూసే సమయానికి పేలేవి. 1831లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌కు చెందిన విలియం బిక్‌ఫర్డ్ ఒకే వేగంతో కాలే ఫ్యూజు వత్తిని తయారుచేసిన తరువాత ఈ ప్రమాదం చాలావరకు తగ్గింది. ఇంత నిడివి గల వత్తి కాలడానికి ఇంత సమయం పడుతుందని కార్మికుడు ముందే లెక్క వేసుకొని దూరంగా వెళ్ళగలిగాడు.

అయితే తుపాకిమందుకు ఒక పరిమితి ఉన్నది. అది పేలదు, చాలా త్వరగా కాలుతుంది. కాలినప్పుడు పుట్టిన వాయువులు రాతిని నెడతాయే తప్ప నుగ్గు చేయవు. గట్టి నల్లరాతిలో దాని బలం చాలదు. పేల్చిన తరువాత చిన్న రాళ్ళతోపాటు ఎత్తడానికి వీలుకాని పెద్ద బండలు మిగిలిపోయేవి. తుపాకిమందును బండపైన పోసి అంటిస్తే ఊరికే భగ్గుమని కాలిపోతుంది, బండ చెక్కుచెదరదు. కనుక ప్రతి పెద్ద బండకు మళ్ళీ చేతితో రంధ్రం తొలవవలసి వచ్చేది, లేదా సమ్మెటలతో రోజుల తరబడి కొట్టవలసి వచ్చేది.

నైట్రోగ్లిజరిన్

1847లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో అస్కానియో సోబ్రెరో అనే శాస్త్రవేత్త నైట్రోగ్లిజరిన్‌ను కనుగొన్నాడు. ఇతడు కూడా పెలూజ్ శిష్యుడే. చిన్న దెబ్బకే పేలిపోయే ఈ నూనెవంటి ద్రవం సోబ్రెరో ముఖాన్ని గాయపరచింది. దీనిని వాడుకలోకి తేవడం అసాధ్యమని ఆయన భావించాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నోబెల్ సోదరుల గురువైన నికొలాయ్ జినిన్ దీని శక్తిని వారికి చూపించాడు. ఒక చుక్కను సుత్తితో కొడితే దెబ్బ తగిలిన భాగం మాత్రమే పేలుతుంది, మిగిలినది అలాగే ఉండిపోతుంది. నిప్పుతో అంటిస్తే ఒక్కోసారి నెమ్మదిగా కాలుతుంది. అంటే ఈ ద్రవం పేలకూడనప్పుడు పేలుతుంది, పేలవలసినప్పుడు పేలదు. కావలసిన సమయంలో, కావలసిన చోట, మొత్తం ఒకేసారి పేలేటట్లు చేయడం ఎలా అన్నదే అసలు సమస్య.

క్రిమియా యుద్ధం 1856లో ముగిసిన తరువాత రష్యా సైన్యం నుండి కొనుగోళ్ళు ఆగిపోయి, 1859లో ఇమ్మాన్యుయేల్ మళ్ళీ దివాలా తీశాడు. తల్లిదండ్రులు చిన్న కుమారుడు ఎమిల్‌తో స్టాక్‌హోమ్‌కు తిరిగి వచ్చారు. ఆల్ఫ్రెడ్ 1863లో వారిని కలుసుకున్నాడు.

డిటోనేటరు

ఆల్ఫ్రెడ్ ఈ సమస్యకు ఇచ్చిన సమాధానం చాలా సరళమైనది. వేడి వలన కాక, తీవ్రమైన ఆఘాతం వలన నైట్రోగ్లిజరిన్ మొత్తం పేలుతుందని ఆయన గ్రహించాడు. పెద్ద మోతాదులో ఉన్న పదార్థాన్ని ఒక చిన్న పేలుడుతో ప్రేరేపించడమే ఆయన పద్ధతి. 1863లో తుపాకిమందు నింపిన చిన్న చెక్క గొట్టాన్ని ఇందుకు ఉపయోగించాడు. 1865 నాటికి దాని స్థానంలో పాదరసపు ఫల్మినేటు నింపిన రాగి గొట్టం వచ్చింది. ఫ్యూజు వత్తి కొనను ఈ గొట్టంలో ఉంచి ముట్టిస్తే, వత్తి కాలి గొట్టాన్ని చేరగానే అది పేలి, ఆ అదురుకు చుట్టూ ఉన్న నైట్రోగ్లిజరిన్ సెకనుకు 7,000 మీటర్లకు పైగా వేగంతో విస్ఫోటనం చెందుతుంది. ప్రపంచం డైనమైటును గుర్తుపెట్టుకున్నది గాని, పేలుడు శాస్త్రం తెలిసినవారు చాలామంది ఈ చిన్న రాగి గొట్టాన్నే నోబెల్ ఆవిష్కరణలలో గొప్పదిగా లెక్కిస్తారు. తరువాత వచ్చిన విద్యుత్ డిటోనేటర్లు మొదలైనవన్నీ ఈ సూత్రంమీదనే పనిచేస్తున్నాయి.

హెలెన్‌బోర్గ్ దుర్ఘటన

స్టాక్‌హోమ్‌లోని హెలెన్‌బోర్గ్ అనే చోట నోబెల్ కుటుంబానికి చిన్న కర్మాగారం ఉండేది. 1864 సెప్టెంబరు 3న అక్కడ నిలువ ఉన్న నైట్రోగ్లిజరిన్ పేలిపోయింది. ఆల్ఫ్రెడ్ తమ్ముడు ఎమిల్‌తో సహా ఐదుగురు మరణించారు. ఎమిల్ అప్పటికి ఇరవై ఏళ్ళ విద్యార్థి. ఆల్ఫ్రెడ్‌కు స్వల్ప గాయాలయ్యాయి. కొద్ది వారాలలోనే తండ్రికి పక్షవాతం వచ్చింది. ఆయన ఆ తరువాత పూర్తిగా కోలుకోలేదు, ఎనిమిదేళ్ళకు 1872లో, సరిగ్గా ఎమిల్ మరణించిన సెప్టెంబరు 3వ తేదీననే కన్నుమూశాడు.

నగర పరిధిలో ఈ ద్రవాన్ని తయారుచేయరాదని అధికారులు నిషేధించారు. ఆల్ఫ్రెడ్ పని ఆపలేదు. మెలరెన్ సరస్సులో లంగరు వేసిన ఒక పడవపై తయారీ కొనసాగించాడు. దుర్ఘటన జరిగిన మూడు నెలలలోపే, 1864 నవంబరులో, నైట్రోగ్లిజరిన్ తయారీకి ఒక కంపెనీ స్థాపించబడింది. స్టాక్‌హోమ్‌లో నిర్మాణంలో ఉన్న రైలు సొరంగం పనులలో ఈ నూనెను ఉపయోగించారు. 1865లో వింటర్‌వికెన్ అనే నిర్జన ప్రదేశంలో కర్మాగారం ఏర్పడింది. తమ్ముని మరణం గురించి ఆల్ఫ్రెడ్ బహిరంగంగా మాట్లాడిన సందర్భాలు లేవు. ఈ మౌనాన్ని కొందరు కాఠిన్యంగాను, కొందరు తీరని దుఃఖంగాను భావించారు. ఆ తరువాత మూడేళ్ళు ఆయన శ్రమ అంతా ఆ ద్రవాన్ని అదుపులోకి తేవడానికే వెచ్చించబడినది అన్నది మాత్రం నిజం.

1866 ప్రమాదాలు

1865లో నోబెల్ జర్మనీలోని హాంబర్గ్ చేరి, ఆ నగరానికి సమీపంలో ఎల్బే నది ఒడ్డున ఉన్న క్రూమెల్ వద్ద కర్మాగారం ఏర్పాటు చేశాడు. అక్కడి నుండి నైట్రోగ్లిజరిన్ డబ్బాలలోను, సీసాలలోను ప్రపంచమంతటికీ వెళ్ళింది. కొన్నవారికి, మోసినవారికి అది ఏమిటో సరిగా తెలియదు. 1865 నవంబరులో న్యూయార్కులోని ఒక హోటలులో ఒక జర్మన్ అతిథి వదలి వెళ్ళిన పెట్టెను అక్కడి నౌకరు బూట్లు తుడిచేటప్పుడు కాలు పెట్టుకోవడానికి వాడుకున్నాడు. ఒకరోజు దాని నుండి పొగ రావడం చూసి వీధిలోకి విసిరివేయగా పెద్ద పేలుడు జరిగింది. 1866 ఏప్రిల్ 3న పనామా తీరంలోని ఆస్పిన్‌వాల్ రేవులో యూరోపియన్ అనే ఓడ పేలిపోయి సుమారు యాభై మంది మరణించారు. అదే నెల 16న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక రవాణా సంస్థ ఆవరణలో కారుతున్న పెట్టెను ఉలి, సుత్తితో తెరవబోగా పదిహేను మంది చనిపోయారు. ఆ సంవత్సరమే క్రూమెల్ కర్మాగారం కూడా పేలుడుకు గురయ్యింది.

ఈ వార్తలు వస్తున్న సమయంలో నోబెల్ అమెరికాలోనే ఉన్నాడు. న్యూయార్కు నగరం పైభాగంలోని ఒక రాతి క్వారీలో జనం ఎదుట నైట్రోగ్లిజరిన్‌ను ప్రదర్శించి, తగిన జాగ్రత్త తీసుకుంటే దానిని వాడవచ్చునని నిరూపించే ప్రయత్నం చేశాడు. అయినప్పటికీ అనేక చోట్ల దాని రవాణాపై ఆంక్షలు వచ్చాయి. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా పర్వతాలలో రైలు సొరంగాలు తొలుస్తున్న సంస్థ, రవాణా చేయలేక, పని జరిగే చోటనే నైట్రోగ్లిజరిన్‌ను తయారుచేసుకున్నది. ప్రమాదాలకు కారణం వాడేవారి అజ్ఞానమేనని నోబెల్ మొదట్లో వాదించాడు. ఆ వాదనలో కొంత నిజమున్నా, కారిపోయే ద్రవాన్ని ఓడలలోను, బండ్లపైన పంపడమే అసలు తప్పు. కొద్ది నెలలలో ఆయనే దానిని అంగీకరించినట్లయింది, ఎందుకంటే ద్రవాన్ని ఘనపదార్థంగా మార్చే ప్రయోగాలు మొదలుపెట్టాడు.

డైనమైటు

నైట్రోగ్లిజరిన్‌ను ఏదైనా పొడిలో ఇంకించాలనే ఆలోచనతో నోబెల్ బొగ్గుపొడి, రంపపు పొట్టు, ఇటుకపొడి, సిమెంటు మొదలైనవాటిని పరీక్షించాడు. చివరకు క్రూమెల్ పరిసరాలలో విరివిగా దొరికే కీసెల్‌గుర్ అనే తెల్లని మన్ను అన్నిటికంటే మేలైనదని తేలింది. ఇది డయాటమ్‌లు అనే సూక్ష్మజీవుల సిలికా పెంకులతో ఏర్పడినది. తేలికగా, లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలతో ఉండి తనకంటే సుమారు మూడు రెట్లు బరువైన ద్రవాన్ని పీల్చుకుంటుంది. మూడు వంతుల నైట్రోగ్లిజరిన్‌కు ఒక వంతు మన్ను కలిపితే ముద్దలా తయారై, కడ్డీలుగా చుట్టి కాగితంలో పొదగడానికి అనువుగా ఉంటుంది. పగిలిన డబ్బా నుండి కారిన నూనె ప్యాకింగు కోసం వాడిన మన్నులో ఇంకిపోవడం చూసి యాదృచ్ఛికంగా నోబెల్ దీనిని కనుగొన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన ఈ కథను ఖండించాడు.

శక్తి అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుండి దీనికి డైనమైటు అని పేరు పెట్టాడు. 1867లో ఇంగ్లండు, స్వీడన్ దేశాలలోను, 1868లో అమెరికాలోను పేటెంట్లు లభించాయి. 1867 జూలైలో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో మెర్‌స్థమ్ క్వారీలో గనుల యజమానులను, ఇంజనీర్లను పిలిపించి ప్రదర్శన ఇచ్చాడు. డైనమైటు ఉన్న పెట్టెను మంటపై ఉంచాడు. మరొక పెట్టెను క్వారీ అంచు నుండి క్రిందికి పడవేయించాడు. రెండూ పేలలేదు. ఆ తరువాత డిటోనేటరు అమర్చి పేల్చినప్పుడు రాతి ముఖం కూలిపడింది. ఏడాది క్రితపు శవాల లెక్కలు ఇంకా మనసులో ఉన్న ఆ ప్రేక్షకులకు రెండవ భాగం కంటే మొదటి భాగమే ఎక్కువ ఆశ్చర్యం కలిగించి ఉండాలి. 1868లో రాయల్ స్వీడిష్ విజ్ఞాన పరిషత్తు తండ్రీ కొడుకులిద్దరికీ కలిపి లెట్టర్‌స్టెడ్ పురస్కారం ఇచ్చింది.

నోబెల్ కర్మాగారాల ఉత్పత్తి 1867లో 11 టన్నులు కాగా 1874 నాటికి 3,120 టన్నులకు పెరిగింది. ఆల్ప్స్ పర్వతాల క్రింద 15 కిలోమీటర్ల పొడవున 1872 నుండి 1882 వరకు త్రవ్విన గోట్‌హార్డ్ రైలు సొరంగం డైనమైటుతో జరిగిన మొదటి మహా నిర్మాణాలలో ఒకటి. ఆ పనిలో సుమారు 200 మంది కార్మికులు మరణించారు. పేలుళ్ళ వలననే కాక రాళ్ళు కూలడం వలన, బండ్ల క్రింద పడడం వలన కూడా ఈ మరణాలు సంభవించాయి. వీరు కాక కొంకిపురుగు వ్యాధితో చిక్కి శల్యమైనవారు మరెందరో ఉన్నారు.

క్వారీలలో పెద్ద బండలు

క్వారీలో గాని, ఉపరితల గనిలో గాని రాతి ముఖాన్ని పేల్చినప్పుడు అంతా కావలసిన పరిమాణంలో ముక్కలు కాదు. రాతిలో సహజంగా ఉండే పగుళ్ళు, మందు సరిగా అందని పైభాగం, రంధ్రాల మధ్య ఎడం ఎక్కువ కావడం వంటి కారణాలవలన కొన్ని పెద్ద బండలు మిగులుతాయి. అవి బండికి ఎక్కవు, క్రషరు నోటిలో పట్టవు. వాటిని రెండవసారి పగులగొట్టవలసి ఉంటుంది. ఈ రెండవ విడత పని చూడడానికి చిన్నదే అయినా, ప్రమాదకరమైనది.

డైనమైటు రాకతో ఈ పనికి మూడు పద్ధతులు స్థిరపడ్డాయి. బండలో కొంత లోతు వరకు చిన్న రంధ్రం చేసి, కొద్దిపాటి మందు ఉంచి, బంకమట్టి దట్టించి పేల్చడం మొదటిది. దీనికి మందు తక్కువ పడుతుంది గాని, అన్ని వైపులా ఖాళీగా ఉన్న బండ కనుక ముక్కలు చాలా దూరం ఎగురుతాయి. రెండవది, రంధ్రం లేకుండా డైనమైటును నేరుగా బండమీద ఉంచి, పైన తడిమట్టి దట్టంగా మెత్తి పేల్చడం. తుపాకిమందుతో సాధ్యం కాని పద్ధతి ఇది. డైనమైటు పేలే వేగం ఎంత ఎక్కువంటే పైన ఉన్న మట్టి కదిలేలోపల ఆఘాతం బండలోకి దిగి దానిని చీల్చివేస్తుంది. డ్రిల్లింగు శ్రమ తప్పుతుంది, అయితే మందు అనేక రెట్లు ఎక్కువ కావాలి, చప్పుడు, గాలి అదురు విపరీతంగా ఉంటాయి. మూడవది సగం భూమిలో కూరుకుపోయిన బండ క్రిందికి వాలుగా రంధ్రం త్రవ్వి, అడుగున మందు ఉంచడం.

మందు మారినంత త్వరగా అలవాట్లు మారలేదు. డైనమైటు చలికి గడ్డకడుతుంది, గడ్డకట్టినది సరిగా పేలదు. కార్మికులు దానిని పొయ్యి దగ్గర, మంట దగ్గర పెట్టి కరిగించబోయి చనిపోయేవారు. దీనికోసం చుట్టూ వేడినీరు పోసే రెండు పొరల డబ్బాలు తయారుచేశారు గాని, అవి లేనిచోట పాత అలవాటే సాగింది. తడి తగిలితే మన్ను నీటిని పీల్చుకొని నైట్రోగ్లిజరిన్‌ను బయటకు విడుస్తుంది. అలా చెమ్మగిల్లిన కడ్డీ మళ్ళీ పాత నూనె అంత ప్రమాదకరం. డిటోనేటరును వత్తికి బిగించడానికి పళ్ళతో నొక్కే అలవాటు వలన ఎందరో ప్రాణాలు కోల్పోయారు. అన్నిటికంటే భయంకరమైనది పేలకుండా మిగిలిపోయిన మందు. రాళ్ళ మధ్య దాగిన కడ్డీపై గునపం పడినా, పాత రంధ్రం అడుగున మిగిలిన మందుపై మళ్ళీ డ్రిల్లు దించినా మృత్యువే. కనుకనే పాత రంధ్రంలో తిరిగి డ్రిల్లు చేయరాదని, దట్టించడానికి ఇనుప కడ్డీ కాక చెక్క కర్రనే వాడాలని, పేలనిచోటికి నిర్ణీత సమయం గడిచేవరకు వెళ్ళరాదని, ముందుగా హెచ్చరిక చేసి మనుషులను దూరం పంపాలని గనుల నియమాలు ఏర్పడ్డాయి. ఈ నియమాలలో ప్రతి ఒక్కటి ఎవరో ఒకరి మరణం తరువాత వ్రాయబడినదే అనుకోవచ్చు.

నైట్రోగ్లిజరిన్ ఆవిరి రక్తనాళాలను వెడల్పు చేసి తీవ్రమైన తలనొప్పి కలిగిస్తుంది. కర్మాగారాలలోను, క్వారీలలోను డైనమైటును చేతితో తాకేవారందరికీ ఈ బాధ తెలుసు. రోజూ తాకితే శరీరం అలవాటు పడుతుంది, సెలవు తరువాత మళ్ళీ పనిలోకి వచ్చినప్పుడు నొప్పి తిరిగి మొదలవుతుంది. నోబెల్ స్వయంగా జీవితాంతం తలనొప్పులతో బాధపడ్డాడు.

బ్లాస్టింగ్ జిలెటిన్

కీసెల్‌గుర్ మన్ను నైట్రోగ్లిజరిన్‌ను పట్టి ఉంచుతుంది గాని తాను పేలదు, అందువలన కొంత శక్తి వృథా అవుతుంది. తానుకూడా పేలే పదార్థంలో నైట్రోగ్లిజరిన్‌ను ఇమడ్చడం ఎలాగని నోబెల్ ఆలోచించాడు. 1875లో కోసుకున్న వ్రేలికి కొలోడియన్ పూసుకున్నప్పుడు ఆయనకు ఈ ఉపాయం తోచిందని చెబుతారు. నైట్రోసెల్యులోజును నైట్రోగ్లిజరిన్‌లో కరిగించగా చిక్కని జిగురువంటి పదార్థం ఏర్పడింది. ఇదే బ్లాస్టింగ్ జిలెటిన్. డైనమైటు కంటే బలమైనది, నీటికి చెడనిది. నీరు ఊరే రంధ్రాలలోను, గట్టి నల్లరాతిలోను ఇది బాగా పనికివచ్చింది. దీనికి సురేకారం, చెక్కపొడి కలిపి చవకగా చేసిన రకమే జెలిగ్నైటు.

మన క్వారీలలో మందు కడ్డీలను జిలెటిన్ స్టిక్స్ అని పిలవడం ఈ నోబెల్ ఆవిష్కరణ నుండి వచ్చినదే. ఇప్పుడు ఆ పేరుతో వ్యవహరించే కడ్డీలలో సాధారణంగా ఉండేది అమోనియం నైట్రేటు ఆధారంగా తయారైన ఎమల్షన్ లేదా స్లర్రీ మాత్రమే, అందులో నైట్రోగ్లిజరిన్ ఉండదు. పదార్థం మారినా పేరు మిగిలింది.

వ్యాపారం, వ్యక్తిగత జీవితం

నోబెల్ వ్యాపారం ఐరోపా అంతటా విస్తరించింది. స్కాట్లండ్‌లోని ఆర్డీర్ కర్మాగారం వాటిలో పేరెన్నికగన్నది. ఫ్రాన్సులో పాల్ బార్బ్ ఆయనకు భాగస్వామి. ఇటలీలోని అవిగ్లియానా కర్మాగారంలో సోబ్రెరోను సలహాదారుగా నియమించి జీవితాంతం భృతి ఏర్పాటు చేశారు. నైట్రోగ్లిజరిన్‌ను కనుగొన్న ఘనత సోబ్రెరోదేనని నోబెల్ ఎల్లప్పుడూ ఒప్పుకున్నాడు. అన్నలు రాబర్ట్, లుడ్విగ్‌లు రష్యాలోని బాకు వద్ద చమురు వ్యాపారంలో బాగా గడించారు, దానిలో ఆల్ఫ్రెడ్‌కు కూడా వాటా ఉండేది.

1873లో పారిస్‌లో ఇల్లు కొని, సమీపంలోని సెవ్రాన్‌లో ప్రయోగశాల పెట్టుకున్నాడు. ఏడాదిలో ఎక్కువకాలం ప్రయాణాలలోనే గడిచేది. వివాహం చేసుకోలేదు. 1876లో ఆయనవద్ద కార్యదర్శిగా చేరిన బెర్తా కిన్‌స్కీ కొద్దిరోజులకే వెళ్ళిపోయి సట్నర్ అనే అతనిని పెళ్ళాడింది. అయినా వారిమధ్య ఉత్తరాలు చివరివరకు సాగాయి. ఆమె తరువాత యుద్ధ వ్యతిరేక రచయిత్రిగా ప్రసిద్ధి పొంది, 1905లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నది.

1887లో నోబెల్ పొగరాని మందు బాలిస్టైట్‌ను తయారుచేశాడు. ఇది క్వారీల కోసం కాదు, తుపాకులు, ఫిరంగుల కోసం. దీనిని ఇటలీ ప్రభుత్వానికి అమ్మడంతో ఫ్రెంచి ప్రభుత్వం ఆగ్రహించింది. సెవ్రాన్ ప్రయోగశాల మూతపడగా, 1891లో ఆయన ఇటలీలోని శాన్ రెమోకు మకాం మార్చాడు. బ్రిటన్‌లో కార్డైట్ అనే ఇటువంటి మందుపై వేసిన పేటెంటు దావాలో ఓడిపోయాడు. 1894లో స్వీడన్‌లోని బోఫోర్స్ ఆయుధ కర్మాగారాన్ని కొన్నాడు. డైనమైటును శాంతియుత పనులకోసమే కనుగొన్నాడనీ, ఇతరులు దానిని యుద్ధాలకు వాడారనీ తరచుగా వ్రాస్తుంటారు గాని, పై విషయాలు చూస్తే ఆ మాట పూర్తిగా నిలవదు.

వీలునామా, మరణం

1888లో అన్న లుడ్విగ్ మరణించినప్పుడు ఒక ఫ్రెంచి పత్రిక పొరపాటున ఆల్ఫ్రెడ్ మరణించాడని భావించి, ఆయనను మృత్యువుతో వ్యాపారం చేసినవానిగా వర్ణించిందనీ, అది చదివి మనసు మారి బహుమతులు స్థాపించాడనీ ఒక కథ విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఈ పత్రికా వార్త ఆయనపై చూపిన ప్రభావానికి ఆయన వ్రాతలలో ఆధారం లేదు.

1895 నవంబరు 27న పారిస్‌లో నోబెల్ తన చివరి వీలునామాపై సంతకం చేశాడు. బంధువులకు, నౌకర్లకు, స్నేహితులకు కొంత కేటాయించి, మిగిలిన ఆస్తి అంతటినీ నిధిగా చేసి, దానిపై వచ్చే ఆదాయాన్ని భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, వైద్యం, సాహిత్యం, శాంతి రంగాలలో మానవజాతికి మేలు చేసినవారికి ప్రతి సంవత్సరం పంచాలని వ్రాశాడు. ఆస్తి విలువ 3 కోట్ల 10 లక్షల క్రోనార్లకు పైగా ఉండేది. న్యాయవాది సహాయం లేకుండా వ్రాసిన ఈ పత్రంలో అనేక లొసుగులున్నాయి.

జీవితం చివరలో ఆయన గుండెజబ్బుతో బాధపడ్డాడు. దానికి వైద్యులు సూచించిన మందు నైట్రోగ్లిజరిన్. 1896 డిసెంబరు 10న శాన్ రెమోలో మెదడులో రక్తస్రావం వలన మరణించాడు. దేహాన్ని స్టాక్‌హోమ్‌కు తరలించి అక్కడి ఉత్తర శ్మశానవాటికలో అంత్యక్రియలు జరిపారు. వీలునామాను బంధువులలో కొందరు వ్యతిరేకించారు, స్వీడన్ రాజు రెండవ ఆస్కార్‌కు కూడా ఇది రుచించలేదు. ఆస్తిపరిపాలన బాధ్యత వహించిన యువ ఇంజనీరు రాగ్నర్ సోల్‌మన్ పట్టుదలతో కొన్ని సంవత్సరాలు శ్రమించగా 1900 జూన్ 29న నోబెల్ ఫౌండేషన్ ఏర్పడింది. 1901లో మొదటి బహుమతులు ఇచ్చారు. భారతదేశం నుండి 1913లో రవీంద్రనాథ్ టాగూర్‌కు సాహిత్యంలోను, 1930లో సి.వి.రామన్‌కు భౌతిక శాస్త్రంలోను ఈ బహుమతి లభించింది.

డైనమైటు తరువాత

ఆర్డీర్ కర్మాగారం గల నోబెల్ కంపెనీ 1926లో ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్‌లో విలీనమయ్యింది. ఆ సంస్థ భాగస్వామ్యంతో 1958లో నాటి బీహారులోని గోమియాలో (ఇప్పుడు జార్ఖండ్) భారీ పేలుడు పదార్థాల కర్మాగారం ప్రారంభమైంది. 1950ల నుండి అమోనియం నైట్రేటుకు డీజిల్ నూనె కలిపిన మందు, ఆ తరువాత స్లర్రీలు, ఎమల్షన్లు డైనమైటు స్థానాన్ని ఆక్రమించాయి. 1864లో నోబెల్ స్థాపించిన స్వీడిష్ కంపెనీయే, నైట్రో నోబెల్ అనే పేరుతో, విద్యుత్తు అవసరం లేని నోనెల్ గొట్టపు డిటోనేటరును తయారుచేసింది. భారతదేశంలో నైట్రోగ్లిజరిన్‌తో కూడిన పేలుడు పదార్థాలను 2004లో నిషేధించారు.

పెద్ద బండలను మందుతో పేల్చడం కూడా తగ్గుతూ వస్తున్నది. ఎక్స్‌కవేటరుకు బిగించిన హైడ్రాలిక్ రాక్ బ్రేకరుతో పొడిచి పగులగొట్టడం, క్రేను నుండి బరువైన ఇనుప గుండును బండపై పడవేయడం ఎక్కువ క్షేమకరమైన పద్ధతులు, వీటిలో రాయి ఎగిరే దూరం చాలా తక్కువ. జనావాసాలకు దగ్గరగా ఉన్నచోట రంధ్రాలలో పోస్తే ఉబ్బి, చప్పుడు లేకుండా బండను చీల్చే రసాయన మిశ్రమాలు కూడా వాడుతున్నారు. ప్రకాశం జిల్లా చీమకుర్తి వంటిచోట్ల గెలాక్సీ గ్రానైటు దిమ్మెలు తీసేటప్పుడు రాయి నెర్రెలిస్తే విలువ పోతుంది కనుక వజ్రపు తీగ రంపంతో కోస్తారు.